క్యాన్సర్ నుంచి బయటపడ్డ పిల్లల్ని మళ్లీ ఆటల్లోకి దింపడం ఎలా?

మా వాడికి మందులన్నీ ఆపేశాక కూడా రెండు నెలలపాటు వాళ్ల నాన్నే ఎత్తుకుని రెండో అంతస్తు ఎక్కించేవారు. వెనకాల నేను వాడి చెప్పులు పట్టుకుని నడిచేదాన్ని. అప్పటికి వాడికి ఎనిమిదేళ్లు. ఒకరోజు వాచ్‌మన్ తాత అడిగాడు, "తంబీకి కాళ్లు బాగా లేవా అమ్మా?" అని. నాకు జవాబు తోచలేదు. బాగున్నాయో లేదో మేం చూసిందే లేదు. రెండున్నరేళ్లు బ్లడ్ రిపోర్టులు చూశాం, థర్మామీటరు చూశాం. కాళ్ల వంక ఎవరూ చూడలేదు.

మేం ఉండేది చెన్నైలో. నెల్లూరు, ఒంగోలు వైపు నుంచి రివ్యూకి వచ్చి, మధ్యాహ్నం మళ్లీ పినాకిని రైలు ఎక్కేసే తెలుగువాళ్లు ఓపీ బయట ఎప్పుడూ కనబడతారు. పలకరింపుల్లో "ఏం తింటున్నాడు" అనే మాటే గాని, "ఆడుతున్నాడా" అని అడిగినవాళ్లు నాకు తగల్లేదు. మా వాడిది లుకేమియా, అంటే రక్త క్యాన్సర్, అందులో ఏఎల్ఎల్ అనే రకం. పిల్లల్లో ఎక్కువగా వచ్చేది అదే కాబట్టి ఇందులో దాని సంగతులు కాస్త ఎక్కువ ఉంటాయి. మిగతా రకాల గురించి కూడా డాక్టర్లను అడిగి తెలుసుకున్నవి రాశాను.

ముందు కాగితం, తర్వాతే ఆట

మన భయానికి ఒక ఆకారం ఉండదు. "ఏమైనా అవుతుందేమో" అన్న మాటలో ఆ "ఏమైనా" ఏమిటో తెలియనంత కాలం పిల్లాడు సోఫాలోనే ఉంటాడు. అందుకే మొదటి పని: ట్రీట్‌మెంట్ సమ్మరీ అడిగి తీసుకోండి. ఏ మందులు మొత్తం ఎంత డోసు పడ్డాయి, రేడియేషన్ ఒంట్లో ఎక్కడ ఇచ్చారు, ఏ ఆపరేషన్లు అయ్యాయి, అన్నీ అందులో ఉండాలి. డిశ్చార్జి కాగితాల కట్ట వేరు, ఈ సమ్మరీ వేరు. అడగకపోతే చాలాసార్లు రాదు.

ఆటల విషయంలో ఆ కాగితంలో చూడాల్సింది ముఖ్యంగా మూడు.

డాక్సోరుబిసిన్, డానోరుబిసిన్ లాంటి మందులు గుండె కండరాన్ని బలహీనపరచవచ్చు. మొత్తం డోసు చదరపు మీటరుకు 250 మిల్లీగ్రాములు, ఆపైన ఉంటే ఎక్కువ రిస్కు కింద లెక్క. గుండెకు తీసే స్కాన్ ఎకో చివరిసారి ఎప్పుడు తీశారో, మళ్లీ ఎప్పుడు తీయాలో ఆ కాగితం మీదే రాయించుకోండి.

విన్‌క్రిస్టిన్ నరాల మీద పనిచేస్తుంది. పాదం పైకి లేవకపోవడం, మునివేళ్ల మీద నడవడం, వేళ్లతో బొత్తాలు పెట్టుకోలేకపోవడం దీనివల్లే. మందు ఆపిన కొన్ని నెలల్లో చాలామందికి తగ్గుతుంది, కొందరికి మిగిలిపోతుంది.

స్టెరాయిడ్లు మూడోది. డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ తొడ కండరాలను కరిగిస్తాయి, ఎముకలను పలచబరుస్తాయి, కొందరికి తుంటిలోనో మోకాల్లోనో ఎముకకు రక్తం అందకుండా చేస్తాయి. ఈ చివరిది పదేళ్లు దాటిన పిల్లల్లో ఎక్కువ. పిల్లాడు మోకాలు నొప్పి అంటాడు గాని జబ్బు తుంటిలో ఉండొచ్చు. మోకాలి ఎక్స్‌రే బాగుందని ఊరుకోవద్దు.

డాక్టరుగారిని "ఆడుకోవచ్చా?" అని అడిగితే "ఆ, ఆడుకోనివ్వండి" అంటారు. ఆ జవాబుతో ఇంటికొచ్చి మనం చేసేదేమీ ఉండదు. పేర్లు పెట్టి అడగండి. పరుగు? సైకిల్? ఈత? స్కిప్పింగ్? తోసుకునే ఆటలు? బరువులు ఎత్తడం? ఒక్కోదానికి అవును, కాదు, ఇంకొన్నాళ్లాగి అని రాయించుకోండి.

ఒక వారం ఊరికే చూడండి

ఇంకా ఏమీ చేయించొద్దు. చూడండి, అంతే.

నేల మీద భోంచేసి లేచేటప్పుడు ఎలా లేస్తున్నాడు? చేతులు నేలకు ఆనించి, తర్వాత తొడల మీద ఆనించి, మెల్లగా ఒంటిని పైకి నెట్టుకుంటున్నాడంటే తుంటి, తొడ కండరాల్లో బలం లేదన్నమాట. మా వాడు అలాగే లేచేవాడు. "ముసలాడిలా లేస్తావేంట్రా" అని నవ్వాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

నడిచేటప్పుడు చప్పుడు వినండి. మా ఇంట్లో మొజాయిక్ ఫ్లోర్. వంటింట్లో ఉన్నా వినపడేది, టప్, టప్ అని. మామూలుగా మడమ ముందు ఆనుతుంది, తర్వాత పాదం మెల్లగా వాలుతుంది. వాడి పాదం మొత్తం ఒక్కసారే పడేది. దానికి తోడు హవాయి చెప్పులు దారిలో జారిపోయేవి, ఎడమది మరీను. అజాగ్రత్త అని తిట్టేదాన్ని. చెప్పు నిలవాలంటే పాదం పైకి లేవాలి. లేపే నరం అలసిపోయి ఉంది. చెప్పులు తీసేసి, వెనక పట్టీ ఉన్న శాండల్ కొన్న రోజునే సగం తడబాటు తగ్గింది.

ఇంకా మూడు చూడండి. మడమల మీద పది అడుగులు వేయగలడా? ఒంటికాలి మీద ఎన్ని సెకన్లు నిలబడతాడు, కుడి ఎడమల్లో తేడా ఉందా? రోజులో ఏ వేళకు డీలాపడతాడు? అన్నీ తేదీ వేసి నోట్‌బుక్‌లో రాయండి. రెండు నెలల తర్వాత మీకు ధైర్యం ఇచ్చేది ఆ పేజీయే.

పాదం వేలాడుతున్నా, మునివేళ్ల నడక ఉన్నా ఫిజియోథెరపిస్టుకు చూపించాల్సిందే. పిక్కలు సాగదీయడం, అవసరమైతే పాదం వాలిపోకుండా పట్టి ఉంచే ఏఎఫ్ఓ అనే పట్టీ వేయడం వాళ్ల పని. ఒకచోట మాకు ప్రింటు కాగితం ఇచ్చారు, పది రకాల వ్యాయామాలు, ఒక్కోటి మూడు విడతలు. నాలుగు రోజులు చేశాం. ఐదో రోజు వాడు కాగితాన్ని పడవ చేశాడు. తర్వాత దొరికిన ఫిజియో అమ్మాయి రెండే రెండు చెప్పింది. అవి ఇప్పటికీ చేస్తున్నాడు.

ఎంత, ఎలా పెంచాలి

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం 5 నుంచి 17 ఏళ్ల పిల్లలకు సగటున రోజుకు 60 నిమిషాలు ఒళ్లు వేడెక్కే ఆట ఉండాలి. కండరాలకు, ఎముకలకు పనిపెట్టేవి వారానికి కనీసం మూడు రోజులు. మనవాళ్లకూ చివరికి చేరాల్సింది అక్కడికే. అయితే రేపే కాదు.

ఐదు నిమిషాలతో మొదలుపెట్టండి, రోజుకు మూడుసార్లు. వారం బాగా గడిస్తే ఒక్కో విడతకు రెండు మూడు నిమిషాలు కలపండి. జ్వరమో జలుబో వచ్చి వారం ఆగిపోతే, ఆపిన చోటి నుంచి కాకుండా రెండు మెట్లు కింది నుంచి ఎత్తుకోండి.

కొలవడానికి యంత్రాలు అక్కర్లేదు. ఆడుతూ మాట్లాడగలగాలి, కానీ పాట పాడలేకపోవాలి, అది సరైన జోరు. మాట కూడా ముక్కలైపోతే తగ్గించండి. అసలు పరీక్ష మర్నాడు ఉదయం. మామూలుగా లేచాడా, నిన్నటి డోసు సరిపోయింది. లేవనంటూ కాళ్లు పీకుతున్నాయంటే నిన్న ఎక్కువైంది, ఈరోజు సగం. మానేయడం కాదు, సగం.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. చేతికి పెట్టుకునే స్టెప్పులు లెక్కించే బ్యాండ్ కొన్నాను, రోజుకి ఐదువేలని టార్గెట్ పెట్టాను. మూడో రోజు సాయంత్రానికే ఐదువేలు దాటేశాడు. పొంగిపోయి చూద్దును కదా, సోఫాలో పడుకుని టీవీ చూస్తూ చెయ్యి ఊపుతున్నాడు.

అలసట గురించి ఒక మాట. క్యాన్సర్ చికిత్స తర్వాత వచ్చే నీరసం నెలలు, ఒక్కోసారి ఏళ్లు ఉంటుంది. పడుకుంటే పోయే రకం కాదు. పడుకున్న కొద్దీ కండరం తగ్గి ఇంకా నీరసం వస్తుంది. కొద్దికొద్దిగా కదిలించడమే దానికి ఉన్న మంచి ఉపాయాల్లో ఒకటి. అయితే కొత్తగా నీరసం మొదలైనా, రోజురోజుకీ ఎక్కువవుతున్నా "బద్ధకం" అని ముద్ర వేసేముందు హిమోగ్లోబిన్, థైరాయిడ్ చూపించండి. తలకో మెడకో రేడియేషన్ అయిన పిల్లలకైతే మరీ.

మన ఆటలే మెట్లు

ఎక్సర్‌సైజ్ అనే మాటను ఇంట్లోంచి తీసేయండి. సూదులు, మందులు, స్కాన్లు ఇప్పటికే "నీ మంచికే" అని చేయించాం. ఇంకో "నీ మంచికే" వాళ్లకు వద్దు. మా ఫిజియో అమ్మాయి అడిగింది, "మీ ఊళ్లో మీరేం ఆడేవాళ్లు?" అని. నేను చెబుతుంటే ఆమె ఒక్కోటీ ఏ కండరానిదో రాసుకుంది. అప్పుడు తెలిసింది, మా అమ్మమ్మ దగ్గర ఉన్నది పూర్తి కోర్సే అని.

*కూర్చుని ఆడేవి.* కాళ్లాగజ్జ ఆడేటప్పుడు కాళ్లు బారజాపి కూర్చోవాలి. ఆ భంగిమలో పాదాల్ని ముఖం వైపు లాక్కోమంటే పిక్క సాగుతుంది. చిన్నపిల్లలకు ఇంతకంటే మంచి స్ట్రెచింగ్ లేదు. అచ్చనగిల్లలు మొద్దుబారిన వేళ్లకు. మొదట్లో మా వాడికి ఒక్క గిల్ల కూడా అందేది కాదు, పెద్ద చింతగింజలతో మొదలుపెట్టాం. బెలూన్‌ను కింద పడకుండా కొట్టుకోవడం భుజాలకు.

*లేచి కూర్చునేవి.* గోలీలు. గోలీ గురిపెట్టాలంటే గొంతుక్కూర్చోవాలి, కొట్టాక లేవాలి. పది నిమిషాల ఆటలో ముప్ఫైసార్లు లేచాడని వాడికి తెలియదు. "ముప్ఫై గుంజీళ్లు తియ్యి" అంటే తీసేవాడా? తొడల్లో బలం మాకు వచ్చింది గోలీలతోనే.

*నిలబడేవి.* చెమ్మచెక్క. ఎదుటివాళ్ల చేతుల దెబ్బకు తూలకుండా నిలబడటమే ఇందులో కసరత్తు. నిలకడ తక్కువగా ఉంటే వెనక గోడ ఉండాలి.

*చిన్న పరుగులు.* నాలుగు స్తంభాలాట. చెన్నై అపార్ట్‌మెంట్లలో కింద కార్లు పెట్టేచోట స్తంభాలు ఉండనే ఉన్నాయి. నాలుగు అడుగుల్లో పరుగు అయిపోతుంది, స్తంభం పట్టుకుని నిలబడితే ఊపిరి తిరుగుతుంది. పరుగు, విశ్రాంతి, మళ్లీ పరుగు. చాలాకాలం మంచాన ఉన్న పిల్లలకు సరిగ్గా ఇలాంటిదే కావాలి. పైగా దొంగగా ఉన్నవాడు తప్ప అందరూ పట్టుకునే ఉంటారు, వీడు మాత్రమే అలసిపోయాడని ఎవరికీ కనపడదు. నాకు తెలిసిన ఆటలన్నిట్లో దీనికే నేను ఫస్ట్ మార్కు వేస్తాను. కార్లు బయటికెళ్లే వేళ చూసుకోండి, అంతే.

*గెంతేవి.* తొక్కుడుబిళ్ల, స్కిప్పింగ్. ఇక్కడి పిల్లలు తొక్కుడుబిళ్లను పాండి అంటారు. ఒంటికాలి మీద గెంతి, వంగి బిళ్ల తీసుకుని, మళ్లీ గెంతడమంటే చీలమండ, తుంటి, నిలకడ అన్నీ ఒకేసారి. ఎముక గట్టిపడటానికి కూడా గెంతడం మంచిది. తుంటి, మోకాలు నొప్పి ఉన్నవాళ్లు మాత్రం డాక్టరు చూసేదాకా ఈ మెట్టు ఎక్కొద్దు. మొదట రెండు కాళ్లతో గెంతే తొక్కుడుబిళ్ల ఆడించండి, రూలు మార్చినందుకు ఎవరూ కేసు పెట్టరు.

ఎవరు ఏది జాగ్రత్త పడాలి

ఇంకా మెయింటెనెన్స్ మందులు (జబ్బు తిరగబెట్టకుండా చివర్లో చాలాకాలం ఇచ్చేవి) నడుస్తుంటే ప్లేట్‌లెట్లు చూసుకోవాలి. 50 వేల కంటే తక్కువుంటే పడిపోయే, తోసుకునే ఆటలు సాధారణంగా వద్దంటారు. 20 వేల కంటే కిందికి వెళ్తే ఇంట్లో నెమ్మదిగా తిరగడం దాటి ఏం చేయాలన్నా డాక్టరే చెప్పాలి. చర్మం కింద పోర్ట్ (మందులెక్కించడానికి అమర్చే చిన్న డబ్బీ) ఉన్నవాళ్లు గాయం మానాక, సూది పెట్టి లేనప్పుడు ఈత కొట్టొచ్చు, కానీ ఛాతీకి బంతి తగిలే ఏడుపెంకులాట లాంటివి వద్దు. గొట్టం బయటికి వేలాడే లైన్ ఉంటే నీళ్లలోకి అసలు దిగకూడదు.

డాక్సోరుబిసిన్ లాంటి, గుండెను బలహీనపరిచే మందుల డోసు ఎక్కువ పడ్డవాళ్లు నడక, సైకిల్, ఈత లాంటివి మానక్కర్లేదు, అవి గుండెకు మంచివే. ఊపిరి బిగబట్టి పెద్ద బరువులెత్తడం మాత్రం కార్డియాలజిస్టును అడగకుండా వద్దు. ఇంటర్‌కు వచ్చి జిమ్‌కి వెళ్తానంటాడు చూడండి, అప్పటికి ఈ మాట గుర్తుండాలి.

ఒక కిడ్నీ తీసేసిన పిల్లలు పరుగు, షటిల్, ఈత అన్నీ మామూలుగా ఆడొచ్చు. కబడ్డీ లాంటి ఒంటి మీద పడే ఆటలకే సర్జన్ మాట కావాలి. కంట్లో గడ్డవల్ల ఒక కన్ను పోయినవాళ్లకు బంతి ఎంత దూరంలో ఉందో అంచనా రాదు. పెద్ద మెత్తటి బంతి, నెమ్మదిగా. రెండో కంటికి పాలీకార్బొనేట్ అద్దాలు ఉండి తీరాలి. ఎముక క్యాన్సర్‌కు లోపల లోహపు కీలు వేసినవాళ్లకు పరుగు, దూకడం ఆ కీలును వదులు చేస్తాయి. ఈత, సైకిల్ మేలు. మెదడు ఆపరేషన్ అయినవాళ్లకు ఒప్పులకుప్ప లాంటి గిరగిరా తిరిగేవి వద్దు, ఫిట్స్ ఉంటే ఈతకు పక్కనే పెద్దవాళ్లు ఉండాలి. సిస్‌ప్లాటిన్ అనే కీమో మందు పడ్డ పిల్లలకు సన్నటి శబ్దాలు వినపడకపోవచ్చు. పీటీ సార్ విజిల్ వేసినా ఆగలేదంటే పొగరు కాదు, విజిలే వినపడలేదు.

ఎండ, ఇసుక, వాన

చెన్నైలో పొద్దున ఏడున్నర లోపు, సాయంత్రం ఐదున్నర తర్వాత. మే నెల కత్తిరి రోజుల్లో అయితే ఇంట్లోనే. మెథోట్రెక్సేట్ అనే మందు వాడేవాళ్లకు, రేడియేషన్ తగిలిన చోట చర్మానికి ఎండ ఎక్కువ మంట పుట్టిస్తుంది. టోపీ, పొడుగు చేతుల చొక్కా, సన్‌స్క్రీన్. దాహం వేసేదాకా ఆగకుండా పావుగంటకోసారి రెండు గుక్కలు తాగించండి.

మేం మొదట వెళ్లింది మైలాపూరు లజ్‌లోని నాగేశ్వరరావు పార్కుకు. అమృతాంజనం, ఆంధ్రపత్రిక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరే అది. చెట్ల నీడ ఉంది, నడిచే బాట చదునుగా ఉంది, కూర్చోవడానికి బెంచీలున్నాయి. "ఈ బెంచీ నుంచి ఆ బెంచీ దాకా" అన్నది మా మొదటి టార్గెట్. ఆ తర్వాతే బీచి. ఇసుకలో నడక చదును నేల మీద కంటే చాలా కష్టం, కాబట్టి సగం దూరం చాలు. పాదాలు మొద్దుబారిన పిల్లలకు గాజుపెంకు గుచ్చుకున్నా తెలియదు. బూట్లు విప్పనివ్వొద్దు, ఇంటికొచ్చాక పాదాలు తిప్పి చూడండి. వీల్‌చెయిర్ వాడే పిల్లలకు మెరీనాలో 2022లో నీళ్ల దగ్గరిదాకా చెక్కబాట వేశారు. అలల్లోకి మాత్రం దించొద్దు, మెరీనా అలలు ఎవరికీ మంచివి కావు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు, వరండాయే గ్రౌండు.

ఇంట్లోవాళ్లు, వచ్చేవాళ్లు

మా అత్తయ్యకు వాడు కిందికి దిగితే ప్రాణం లేచిపోయేది. గాలి, దిష్టి, పడిపోవడం. ఆవిడతో వాదించి గెలవలేకపోయాను. చివరికి అచ్చనగిల్లలు నేర్పే పని ఆవిడకే అప్పజెప్పాను. నెల తిరిగేసరికి ఆవిడే "ఇవాళ ఇంకా దిగలేదేం?" అనడం మొదలుపెట్టారు. భయపడేవాళ్లను ఒడ్డున కూర్చోబెడితే భయం పెరుగుతుంది, ఆటలో వేస్తే తగ్గుతుంది.

చెల్లెలో తమ్ముడో ఉంటే చూసుకోండి. ఐదేళ్ల చెల్లెలి చేతిలో పరుగులో ఓడిపోవడం మామూలు బాధ కాదు. గోలీలు, వామనగుంటలు లాంటి చేతి నేర్పు, లెక్క ఉన్నవి మధ్యమధ్య పెట్టండి.

వచ్చేవాళ్లలో ఒకరైనా యువరాజ్ సింగ్ పేరు ఎత్తుతారు. నిజమే, అమెరికాలో కీమో చేయించుకుని 2012 సెప్టెంబరులో మన చెపాక్‌లోనే మళ్లీ ఇండియాకు ఆడాడు. కానీ ఆయన ముప్ఫై ఏళ్ల ప్రొఫెషనల్ ఆటగాడు. ఎనిమిదేళ్లవాడికి ఆ పోలిక భారం. నాకు ధైర్యం ఇచ్చింది వేరే సంగతి. చిన్నప్పుడు క్యాన్సర్ వచ్చి తగ్గిన 15 వేలమందికి పైగా పెద్దవాళ్లను ఉత్తర అమెరికాలో ఏళ్ల తరబడి గమనించి 2018లో ప్రచురించారు. గట్టిగా వ్యాయామం చేసే అలవాటున్నవాళ్లలో మరణాలు తక్కువగా కనిపించాయి.

బడిలో

తిరిగి బడికి పంపితే పీటీ పీరియడ్‌లో చెట్టుకింద కూర్చోబెట్టారు, స్కోరు రాయమని. మంచి మనసుతోనే. రెండు నెలలు స్కోరు రాసి, వాడు బడికి వెళ్లనన్నాడు. "జాగ్రత్తగా చూసుకోండి" అన్న మా ఉత్తరమే ఆ పని చేసింది. రెండో ఉత్తరంలో ఏం చేయవచ్చో ముందు రాశాం: నడక, షటిల్, క్యారమ్స్, తన వేగంతో ఒక రౌండు పరుగు. ఏం వద్దో రెండే లైన్లు. ఎప్పుడు ఫోన్ చేయాలో ఒక లైను. తనకు అలుపొస్తే అడగకుండానే కూర్చోవచ్చు అన్నది చివరి లైను. డాక్టరు సంతకం తీసుకుని, పీటీ సార్ చేతికే ఇచ్చాం. ఆఫీసులో ఇస్తే ఫైల్లోకి పోతుంది.

వెంటనే ఆపాల్సినవి

ఛాతీ నొప్పి, కళ్లు తిరగడం, స్పృహ తప్పడం, ఆగినా తగ్గని ఆయాసం, గుండె దడ. కొత్తగా కుంటడం, రాత్రి నిద్రలేపే ఎముక నొప్పి. తలకు దెబ్బ, ఆగని ముక్కు రక్తం, కారణం లేని కమిలిన మచ్చలు. మందులు నడుస్తున్నా, లైన్ ఉన్నా, ప్లీహం తీసేసి ఉన్నా 100.4 డిగ్రీల జ్వరం అంటే ఆ రాత్రే ఆసుపత్రి, ఉదయం దాకా ఆగొద్దు.

వద్దు అని మొండికేస్తే

చిన్నవాళ్లు మనం ఆడితే ఆడతారు. పక్కన నిలబడి ఆడించేవాళ్లంటే వాళ్లకు పడదు, నర్సులు గుర్తొస్తారు. టీనేజివాళ్ల సంగతి వేరు. పెరిగిన బరువు, పలచటి జుట్టు, ఛాతీ మీద గాటు, వీటితో నలుగురిలోకి వెళ్లమంటే ఎందుకు వెళ్తారు? వాళ్లకు చీకటిపడ్డాక మొట్టమాడి (డాబా) మీద నడక, గది తలుపు వేసుకుని డ్యాన్సు, ఒక్క స్నేహితుడితో షటిల్. ఏది, ఎప్పుడు అన్నది వాళ్లే ఎంచుకోవాలి. ఆసుపత్రిలో ఏళ్ల తరబడి వాళ్లు ఏదీ ఎంచుకోలేదు. "ఆడితే ఫోన్ ఇస్తా" అనే బేరం మేమూ పెట్టాం. వారంలో ఆట జీతం కోసం చేసే ఉద్యోగం అయిపోయింది, ఎత్తేశాం.

ఇక రివ్యూకి వెళ్లేముందు ఇంట్లో రెండు చిన్న వీడియోలు తీసుకోండి: నేల మీంచి లేవడం ఒకటి, మెట్లెక్కడం ఒకటి. పక్కనుంచి, కాళ్లు కనపడేలా, నిక్కరు వేసి తీయాలి. డాక్టరుగారి గదిలో నాలుగు అడుగులు ఏ పిల్లాడైనా బుద్ధిగా వేస్తాడు. మా వాడి పాదం సంగతి తేలింది ఆ వీడియోలో వినపడ్డ టప్ టప్ చప్పుడుతోనే.